1853లో ప్రపంచం: తరచుగా అడిగే ప్రశ్నలు

చరిత్ర చదివేవారి నుంచి, ముఖ్యంగా పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారి నుంచి, 1853వ సంవత్సరం గురించి ఒకే రకమైన సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఒక పుస్తకంలో క్రిమియా యుద్ధం 1853లో మొదలైందని, మరొక దానిలో 1854లో మొదలైందని ఉంటుంది. ఝాన్సీ, జపాన్, బేరార్ విషయాల్లోనూ ఇదే తికమక. అందుకే ఆ ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి, ఏ ప్రశ్న నుంచైనా చదువుకునే వీలుగా జవాబులను ఇక్కడ కూర్చాను.

## చదవడం మొదలుపెట్టే ముందు

1857 అంత ముఖ్యమైన సంవత్సరం ఉండగా 1853ను ప్రత్యేకంగా ఎందుకు చదవాలి?

1857 తిరుగుబాటుకు కారణాలు చెప్పమంటే రాజ్య సంక్రమణ సిద్ధాంతం (సొంత వారసుడు లేని రాజు చనిపోతే రాజ్యాన్ని ఈస్టిండియా కంపెనీ కలుపుకోవడం), రైలు, టెలిగ్రాఫ్ అని విద్యార్థులు గుక్కతిప్పుకోకుండా వల్లిస్తారు. ఆ మూడింటికీ 1853లో మూలాలు కనిపిస్తాయి. ఏప్రిల్‌లో బొంబాయి నుంచి ప్రయాణికుల రైలు కదిలింది. నవంబరులో కలకత్తా నుంచి ఆగ్రాకు టెలిగ్రాఫ్ తీగ వేసే పని మొదలైంది. అదే నెలలో ఝాన్సీ రాజు, మరుసటి నెలలో నాగపూర్ రాజు మగసంతానం లేకుండా కన్నుమూశారు. భారతదేశం వెలుపల చూసినా జపాన్ తీరానికి అమెరికా ఆవిరి ఓడలు వచ్చినది, రష్యాకూ తుర్కులకూ యుద్ధం రాజుకున్నది, చైనాలో తిరుగుబాటుదారులు ఒక మహానగరాన్ని రాజధానిగా చేసుకున్నది ఈ ఏడాదిలోనే. విత్తు 1853లో పడి, పంట 1854, 1857, 1868 పేర్లతో కోతకు వచ్చింది కనుకనే పాఠ్యపుస్తకాలు దీనిని దాటేసి పోతాయని నా అభిప్రాయం.

1853 మన తెలుగు సంవత్సరాల్లో ఏది?

ఆ ఏడాది ఉగాదితో ప్రమాదీచ నామ సంవత్సరం మొదలైంది. ఉగాదికి ముందు నెలలు పరీధావి కిందికి వస్తాయి. శాలివాహన శకం ప్రకారం ఇది 1775. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కనుక 1913, 1973 కూడా ప్రమాదీచలే. పాత కాగితంలో సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే శకసంఖ్య దొరికేదాకా తేదీని నిర్ధారించకూడదు. గుంటూరు సీమను తుడిచిపెట్టిన 1832–33 నాటి డొక్కల కరువును పెద్దలు నందన కరువు అని కూడా పిలిచారు. ఆ నందనకు ప్రమాదీచ ఇరవై ఒకటో ఏడు. రెవెన్యూ దస్తావేజుల్లో ఫసలీ అనే శిస్తు సంవత్సరాల లెక్క ఉంటుంది కాబట్టి 1853 అక్కడ ఫసలీ 1262, 1263లుగా కనిపిస్తుంది.

ఒకే సంఘటనకు వేర్వేరు పుస్తకాల్లో రెండు తేదీలు ఎందుకు ఉంటున్నాయి?

రష్యా అప్పటికి పాత జూలియన్ క్యాలెండర్‌నే వాడుతోంది, అది మిగతా యూరప్ క్యాలెండర్ కంటే 12 రోజులు వెనుక నడిచేది. సినోప్ యుద్ధం రష్యన్ పత్రాల్లో నవంబరు 18న, ఇంగ్లీషు పత్రాల్లో నవంబరు 30న జరిగినట్లు ఉండటానికి కారణం ఇదే. జపాన్‌లో చాంద్రమాన లెక్క ఉండేది. అమెరికా ఓడలు వచ్చిన జూలై 8 వారికి కాయెయ్ శకం ఆరవ సంవత్సరం, ఆరవ నెల, మూడవ రోజు. ఈ పుటలో తేదీలన్నీ నేడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్ ప్రకారమే ఇచ్చాను.

## జనవరి నుంచి ఏప్రిల్ వరకు

చైనాలో తిరుగుబాటు చేసినవాడు తాను యేసుక్రీస్తు తమ్ముడినని నిజంగానే చెప్పుకున్నాడా?

చెప్పుకున్నాడు, లక్షలమందిని నమ్మించాడు కూడా. హాంగ్ షియుచువాన్ దక్షిణ చైనాలోని హక్కా కుటుంబంలో పుట్టి, ప్రభుత్వోద్యోగానికి దారితీసే పరీక్షలు పదేపదే తప్పిన పల్లెటూరి పంతులు. 1837లో మరోసారి పరీక్ష తప్పి జబ్బుపడి మంచం పట్టినప్పుడు అతనికి వింత దర్శనాలు కలిగాయి. కొన్నేళ్ళ తరువాత క్రైస్తవ ప్రచార పుస్తకాలు చదివినపుడు, కలలో కనిపించిన వృద్ధుడు దేవుడని, పెద్దన్న యేసు అని అర్థం చెప్పుకున్నాడు. 1851లో జిన్‌తియెన్ గ్రామంలో మహాశాంతి స్వర్గరాజ్యాన్ని ప్రకటించాడు. తైపింగ్ అనే మాటకు అర్థం మహాశాంతి. చరిత్రలో అత్యధిక రక్తపాతం జరిగిన అంతర్యుద్ధాల్లో ఒకటి ఈ పేరుతోనే నడిచింది.

మరి 1853లో ఆ తిరుగుబాటులో జరిగిన ముఖ్యమైన సంగతి ఏమిటి?

అప్పటిదాకా ఊళ్ళు మారుతూ తిరిగిన సైన్యానికి రాజధాని దొరికింది. జనవరిలో తైపింగ్ సేన వూచాంగ్ నగరాన్ని పట్టుకుంది, అక్కడి నుంచి వేలాది పడవల్లో యాంగ్‌ట్సీ నది వెంట దిగువకు సాగి నాన్‌జింగ్‌ను ముట్టడించింది. గోడ కింద సొరంగాలు తవ్వి, మందుగుండు పేల్చి, మార్చి 19న నగరంలోకి చొరబడింది. లోపల ఉన్న, చైనాను ఏలుతున్న మంచూ జాతి సైనికుల కుటుంబాలను ఆడ, మగ, పిల్లలు అనే భేదం లేకుండా చంపారు. నగరానికి స్వర్గ రాజధాని అనే అర్థమిచ్చే తియెన్‌జింగ్ అని పేరు పెట్టి, 1864 జూలై వరకు, అంటే పదకొండేళ్ళకు పైగా, అక్కడి నుంచే పాలించారు. మే నెలలో బీజింగ్ మీదికి ఒక సేనను పంపారు. అది అక్టోబరు నాటికి ఉత్తరాన ఉన్న తియెన్‌జిన్ అనే మరో నగరం దరిదాపులకు చేరింది గానీ ఉత్తరాది చలికి, తిండి కరువుకు నిలవలేక 1855లో పూర్తిగా నాశనమైంది.

తైపింగ్‌లు భూమిని అందరికీ సమానంగా పంచారా?

కాగితం మీద పంచారు. 1853లో వారు ప్రకటించిన భూమి శాసనం ప్రకారం ఇంట్లోని మనుషుల సంఖ్యను బట్టి పొలం ఇవ్వాలి, ఆడవారికీ మగవారితో సమానమైన వాటా ఉండాలి, మిగిలిన ధాన్యం ఉమ్మడి గాదెకు చేరాలి. యుద్ధం నడుస్తున్న పల్లెల్లో ఇది అమలు కాలేదు. చాలాచోట్ల పాత పద్ధతిలోనే శిస్తు వసూలైంది. ప్రజల కంటికి కనబడిన మార్పు జుట్టుది. మంచూ పాలకులు చైనీయులందరూ ముందు తల గొరిగించుకొని వెనుక జడ వేసుకోవాలని శాసించగా, తైపింగ్‌లు ఆ జడను కత్తిరించి ముందు జుట్టును పెరగనిచ్చారు. జడ ఉంటే ఒక పక్షం చేతిలో, లేకపోతే మరో పక్షం చేతిలో తల పోయే రోజులవి. ప్రభుత్వం వారిని పొడవు జుట్టు దొంగలని పిలిచింది.

బర్మాతో రెండవ యుద్ధం 1852లోనే ముగిసిందా, 1853లోనా?

దిగువ బర్మాను, అంటే పెగూ ప్రాంతాన్ని, కలుపుకుంటున్నట్లు గవర్నర్ జనరల్ డల్హౌసీ 1852 డిసెంబరులో ప్రకటన చేశాడు. బర్మా రాజుతో సంధి ఏదీ కుదరలేదు కనుకనే ముగింపు తేదీ మీద ఏకాభిప్రాయం లేదు. 1853 ఫిబ్రవరిలో మిండన్ తన సవతి అన్న పగాన్ రాజును దించి సింహాసనం ఎక్కి పోరు ఆపించాడు, అయినా పెగూ పోయిందని సంతకం మాత్రం పెట్టలేదు. తెలుగువారికి ఈ విలీనంతో నేరుగా సంబంధం ఉంది. ఆ తరువాతి దశాబ్దాల్లో రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికి గోదావరి, విశాఖ, గంజాం సీమల నుంచి వేలాదిమంది ఓడలెక్కారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ వారిని కోరంగీలు అని పిలిచేవారు.

విక్టోరియా రాణి ప్రసవానికి మత్తుమందు వాడారన్నది ప్రపంచ చరిత్రలో చెప్పుకోదగ్గ విషయమా?

నా దృష్టిలో చాలా యుద్ధాలకంటే చెప్పుకోదగ్గదే. 1853 ఏప్రిల్ 7న ఎనిమిదో సంతానం లియోపోల్డ్ పుట్టినప్పుడు వైద్యుడు జాన్ స్నో రుమాలు మీద కొద్దికొద్దిగా క్లోరోఫాం పోసి రాణికి వాసన చూపించాడు. ఆమె పూర్తిగా స్పృహ తప్పలేదు, నొప్పి మాత్రం తగ్గింది. ప్రసవ వేదన దేవుడు విధించినదని, దానిని తగ్గించరాదని వాదించేవారు అప్పట్లో ఉండేవారు. వైద్యుల్లోనూ ఇది ప్రమాదమని అన్నవారున్నారు. రాణి స్వయంగా కోరి తీసుకున్నాక ఆ నోళ్ళు క్రమంగా మూతపడ్డాయి. ఈ స్నోయే మరుసటి ఏడు లండన్‌లో కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని ఒక వీధి పంపు ఆధారంగా చూపినవాడు. 1853లోనే ఇంగ్లండ్, వేల్స్‌లలో పసిపిల్లలకు మశూచి టీకా తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది.

భారతదేశంలో మొదటి రైలు 1853లో నడిచిందా, అంతకుముందే నడిచిందా?

ప్రయాణికుల కోసం క్రమంగా నడిచే రైలు అంటే 1853 ఏప్రిల్ 16నే చెప్పాలి. ఆ మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు బొంబాయి బోరీబందర్ నుంచి 14 పెట్టెలతో, సుమారు 400 మంది అతిథులతో, సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే మూడు ఇంజన్లు లాగుతుండగా, 21 ఫిరంగుల వందనం నడుమ రైలు బయలుదేరి 21 మైళ్ళ దూరంలోని ఠాణాకు చేరింది. పట్టాల మీద బండి అన్న లెక్కన చూస్తే మాత్రం ఇది మొదటిది కాదు. మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి రోడ్డు పనుల కోసం రాయి మోసే పట్టాల బండి 1837లోనే ఉంది. గోదావరి ఆనకట్ట కోసం ధవళేశ్వరంలో క్వారీ రాయిని పట్టాల మీదే తరలించారు. ఈ రెండింటి వెనుకా ఉన్న ఇంజనీరు ఆర్థర్ కాటన్. రైళ్ళకంటే కాలువలే దేశానికి మేలని తరువాత జీవితాంతం వాదించినవాడూ ఆయనే కావడం విశేషం. దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్‌కు నడిచింది.

## మే నుంచి ఆగస్టు వరకు

నిజాం బేరార్‌ను ఇంగ్లీషువారికి అమ్మేశాడా?

అమ్మలేదు, అప్పు కింద అప్పగించాడు. ఆ తేడా మీదే తరువాత వందేళ్ళు వాదన నడిచింది. హైదరాబాద్ కాంటింజెంట్ అనే దళం పేరుకు నిజాం సైన్యం, నడిపేది ఇంగ్లీషు అధికారులు, జీతం ఇవ్వవలసినది నిజాం ఖజానా. 1800 నాటి సంధి ప్రకారం తాను యుద్ధకాలంలో మాత్రమే సేనను సమకూర్చాలని, శాంతికాలంలో ఈ ఖర్చు తన మీద ఎందుకు పడాలని నాలుగో నిజాం నాసిరుద్దౌలా ప్రశ్న. జీతాల బకాయిలను ఈస్టిండియా కంపెనీ చెల్లించి అప్పుగా రాసుకుంటూ పోయింది. హైదరాబాద్‌లో కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంటు, కర్నల్ జాన్ లో (Low), దర్బారులో పలుమార్లు ఒత్తిడి చేసిన మీదట 1853 మే 21న నిజాం ఒప్పందానికి తలొగ్గాడు. బేరార్, రాయచూర్ అంతర్వేది (కృష్ణా, తుంగభద్రల నడిమి సీమ), ధారాశివ్ ప్రాంతం కంపెనీ పాలనలోకి వెళ్ళాయి. పేరుకు అవి నిజాంవే, శిస్తు వసూలు చేసేది మాత్రం కంపెనీ. బేరార్ నల్లరేగడి నేలలు పత్తికి పెట్టింది పేరు అన్న సంగతిని, మాంచెస్టర్ మిల్లులకు పత్తి కరువును, పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

సాలార్‌జంగ్ ఎంత వయసులో దివాన్ అయ్యాడు?

24 ఏళ్ళకు. బేరార్ ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే, మే నెలాఖరులో, దివానుగా ఉన్న పినతండ్రి సిరాజుల్ముల్క్ మరణించాడు. ఆ స్థానంలో మీర్ తురాబ్ అలీ ఖాన్ నియమితుడై, మొదటి సాలార్‌జంగ్‌గా 1883లో చనిపోయేవరకు ముప్పై ఏళ్ళు పదవిలో ఉన్నాడు. చేతికి వచ్చేసరికి ఖజానా ఖాళీ, సారవంతమైన జిల్లాలు పరాధీనం, మిగిలిన పరగణాల్లో శిస్తు వసూలు హక్కు అప్పులిచ్చిన షావుకార్ల దగ్గర, అరబ్ జమేదార్ల దగ్గర తాకట్టులో ఉంది. తాకట్టు పడిన తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించి, జీతం తీసుకునే అధికారులను పెట్టడం అతని మొదటి పని. హైదరాబాద్‌లో మ్యూజియం చూసి వచ్చేవారు చాలామంది ఆ వస్తువులు సేకరించినది ఈయనే అనుకుంటారు. వాటిలో అధికభాగం మనుమడు మూడవ సాలార్‌జంగ్ సేకరణ.

చార్టర్ చట్టం 1853లో తెలుగువారి పాత్ర ఏమైనా ఉందా?

ఉంది, అది చట్టం రూపొందించడంలో కాదు, దానికి ముందు ఫిర్యాదు చేయడంలో. ఈస్టిండియా కంపెనీ హక్కుల గడువు ఇరవై ఏళ్ళకోసారి పార్లమెంటు ముందుకు వచ్చేది: 1793, 1813, 1833, 1853. ఈసారి మద్రాసు నుంచి గొంతు వినిపించినది గాజుల లక్ష్మీనరసు చెట్టి. నీలిమందు, గుడ్డల వ్యాపారంలో సంపాదించి, 1844లో క్రెసెంట్ పత్రికను పెట్టి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించిన తెలుగు వర్తకుడాయన. శిస్తు భారం మోయలేనిదని, వసూలు కోసం రైతులను హింసిస్తున్నారని ఆ సంఘం పార్లమెంటుకు అర్జీ పంపింది. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమోర్ మద్రాసుకు వచ్చినపుడు చెట్టి ఆయనను జిల్లాల్లో తిప్పి, రైతుల నోటనే విషయం వినిపించాడు. వంగి కాలి బొటనవేళ్ళు పట్టుకొని ఎండలో నిలబడేలా చేయడం, వీపు మీద బండరాయి పెట్టడం వంటి శిక్షలు శిస్తు బకాయి పడినవారికి ఉండేవి. సేమోర్ ఈ సంగతిని కామన్స్ సభలో లేవనెత్తగా 1854లో హింసల విచారణ సంఘం ఏర్పడి, ఫిర్యాదు నిజమేనని 1855లో నివేదిక ఇచ్చింది. 1853 చట్టం మాత్రం ఆ అర్జీని దాదాపు పట్టించుకోలేదు.

అయితే ఆ చట్టం వల్ల మారినదేమిటి?

సివిల్ సర్వీసు ఉద్యోగాలను కంపెనీ డైరెక్టర్లు తమవారికి పంచుకునే పద్ధతి పోయి, పోటీ పరీక్ష వచ్చింది. డైరెక్టర్ల సంఖ్య 24 నుంచి 18కి తగ్గింది, గవర్నర్ జనరల్ మండలిలో శాసనాల కోసం అదనపు సభ్యులు చేరారు, కంపెనీకి ఈసారి ఇరవై ఏళ్ళు అన్న గడువు రాయలేదు. గడువు రాయకపోవడంలో ఉన్న సూచన అయిదేళ్ళకే, 1858లో, తెలిసివచ్చింది. మొదటి పరీక్ష 1855లో లండన్‌లో జరిగింది. భారతీయులు రాయకూడదని ఎక్కడా లేదు. ఓడ ఖర్చు, సముద్రయానం మీది ఆంక్ష, వయోపరిమితి ఆ పని చేశాయి. 1863లో సత్యేంద్రనాథ్ ఠాకూర్ నెగ్గేవరకు ఒక్క భారతీయుడూ లోపలికి వెళ్ళలేదు.

జపాన్ వాళ్ళు అమెరికా ఓడలను చూసి అంతగా ఎందుకు భయపడ్డారు?

1853 జూలై 8 సాయంత్రం ఎడో అఖాతం ముఖద్వారంలోని ఉరగా దగ్గర నాలుగు నల్లని ఓడలు లంగరు వేశాయి. సస్క్వెహానా, మిసిసిపీ అనే రెండు ఆవిరి ఓడలు, ప్లిమత్, సరటోగా అనే రెండు తెరచాప ఓడలను వెనుక కట్టి లాక్కుంటూ, గాలికి ఎదురుగా, పొగ కక్కుతూ వచ్చాయి. గాలి లేకుండా ఓడ కదలడాన్ని తీరంలోని జాలరులు అంతకుముందు చూసి ఉండరు. భయానికి అసలు కారణం ఫిరంగులు. అఖాతానికి ఎగువన ఉన్న ఎడో, అంటే నేటి టోక్యో, బియ్యం కోసం పడవల మీద ఆధారపడే నగరం. ఓడలు అక్కడే తిష్ఠవేస్తే నగరం పస్తులుండాలి. పదేళ్ళ క్రితం నల్లమందు యుద్ధంలో చైనాకు పట్టిన గతి ఏమిటో డచ్చివారి ద్వారా జపాన్‌ను నిజంగా ఏలే సైన్యాధిపతి షోగన్ కొలువుకు తెలుసు. జోకిసెన్ అనే పేరున్న ఘాటైన టీకీ, ఆవిరి ఓడకూ జపానీ భాషలో ఒకే పలుకు కావడంతో, నాలుగు గిన్నెలు తాగితే రాత్రి నిద్ర పట్టడం లేదని ఎవరో చమత్కార పద్యం కట్టారు. తెలుగులో అవధానుల శ్లేష రుచి తెలిసినవారికి ఆ హాస్యం ఇట్టే అందుతుంది.

అమెరికన్లు, జపానీయులు ఏ భాషలో మాట్లాడుకున్నారు?

డచ్చి భాషలో. రెండు శతాబ్దాలకు పైగా జపాన్‌లో వ్యాపారానికి అనుమతి ఉన్న యూరోపియన్లు నాగసాకిలోని దెజిమా దీవిలో ఉండే డచ్చివారొక్కరే. తొలిరోజు ఓడ పక్కకు చిన్న పడవలో వచ్చిన దుబాసీ హోరి తత్సునొసుకె తనకు డచ్చి వచ్చునని ఇంగ్లీషులో అరిచి చెప్పాడు. అమెరికన్ల దగ్గరా డచ్చి తెలిసిన పోర్ట్‌మన్ ఉన్నాడు. ఆ ఓడల దళపతి కమడోర్ మాథ్యూ పెర్రీ మాత్రం బయటికి రాలేదు. తనతో సమాన హోదా గలవారితోనే మాట్లాడతానని గదిలో కూర్చొని, కింది అధికారులతో జవాబులిప్పించాడు. నాగసాకికి వెళ్ళమంటే వెళ్ళనన్నాడు. చివరకు జూలై 14న కురిహామా ఒడ్డున, రోజ్‌వుడ్ పెట్టెలో పెట్టిన అధ్యక్షుడు ఫిల్మోర్ లేఖను అందజేశాడు. ఆ లేఖ చేరే నాటికి ఫిల్మోర్ పదవి దిగి నాలుగు నెలలు దాటింది, వాషింగ్టన్‌లో ఉన్నది ఫ్రాంక్లిన్ పియర్స్.

అమెరికాకు జపాన్‌తో అంత పని ఏమిటి?

బొగ్గు, తిమింగిలాలు, చైనా వ్యాపారం. కాలిఫోర్నియా 1850లో రాష్ట్రమయ్యాక పసిఫిక్ దాటి చైనా చేరాలన్న ఆశ పెరిగింది. ఆవిరి ఓడ బొగ్గు మింగే యంత్రం, దారిలో ఎక్కడో నింపుకోవాలి. దీపాల నూనె కోసం తిమింగిలాలను వేటాడే అమెరికన్ ఓడలు జపాన్ తీరంలో పగిలిపోతే, ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికులను అక్కడివారు ఖైదు చేసేవారు. లేఖలో కోరినవి ఇవే: నావికులకు రక్షణ, ఓడలకు బొగ్గు, వర్తకానికి రేవు.

పెర్రీ జూలైలో వస్తే ఒప్పందం 1854 అని ఎందుకు ఉంటుంది?

జవాబు కోసం వచ్చే ఏడు మళ్ళీ వస్తానని చెప్పి పెర్రీ వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళిన కొద్ది రోజులకే, జూలై 27న, షోగన్ ఇయెయోషి మరణించాడు. ముఖ్యమంత్రి వంటి హోదాలో ఉన్న అబె మసహిరొ అంతకుముందెన్నడూ లేని విధంగా సామంత ప్రభువులందరి సలహా అడిగాడు. సలహా అడగడమంటే తమకు దిక్కుతోచడం లేదని ఒప్పుకోవడమేనని సామంతులు గ్రహించారు. పదిహేనేళ్ళకు, 1868లో, షోగన్ పాలనే కూలింది. ఈలోగా అఖాతంలో మట్టి పోసి ఫిరంగి దిబ్బలు కట్టారు. నేడు టోక్యోలో విహారానికి వెళ్ళే ఒదైబాకు ఆ దిబ్బల వల్లే ఆ పేరు వచ్చింది. పెర్రీ 1854 ఫిబ్రవరిలో మరిన్ని ఓడలతో తిరిగివచ్చాడు, మార్చి 31న కనగావా ఒప్పందం కుదిరింది.

పారిస్‌లో నేడు కనిపించే వెడల్పాటి వీధులు ఎప్పటివి?

మూడవ నెపోలియన్ 1853 జూన్‌లో జార్జ్ ఓస్మన్‌ను పారిస్ పాలనాధికారిగా నియమించాడు. ఇరుకు సందులను పడగొట్టి తిన్నని బులెవార్డులు, భూగర్భ మురుగు కాలువలు, మంచినీటి గొట్టాలు వేయించే పని ఆ తరువాత 17 ఏళ్ళు సాగింది.

## సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు

ఒక చర్చి తాళంచెవి కోసం క్రిమియా యుద్ధం జరిగిందంటారు, నిజమా?

తాళంచెవి ఉంది, తగవూ ఉంది. బెత్లెహేంలో యేసు పుట్టిన చోట కట్టిన చర్చి ప్రధాన ద్వారం తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలని కాథలిక్కులకూ ఆర్థడాక్స్ వారికీ చాలాకాలంగా పోరు. ఫ్రాన్స్ ఒత్తిడికి లొంగి 1852 డిసెంబరులో తుర్కు సుల్తాను ప్రభుత్వం దానిని కాథలిక్కులకు ఇచ్చింది. రష్యా జారు (చక్రవర్తి) మొదటి నికొలస్ దీనిని అవమానంగా తీసుకొని, సుల్తాను రాజ్యంలోని ఆర్థడాక్స్ ప్రజలందరికీ తానే రక్షకుడనని ఒప్పుకోవాలని పట్టుబట్టాడు. ఆ ప్రజలు కోటిమందికి తక్కువ కారు. ఒప్పుకుంటే సుల్తాను తన రాజ్యంలో సగానికి పేరుకే రాజు. జారు పంపిన రాయబారి మెన్షికోవ్ 1853 ఫిబ్రవరి నెలాఖరున ఇస్తాంబుల్ చేరి, రాజదుస్తులు వేసుకోకుండా మామూలు ఓవర్‌కోటుతో ప్రధానమంత్రి దగ్గరికి వెళ్ళాడు, విదేశాంగ మంత్రి ఫువాద్ గుమ్మం తొక్కడానికి నిరాకరించాడు. అలా వెళ్ళడం పొరపాటున జరిగినది కాదు. కావాలని చేసిన అవమానం. మధ్యధరా సముద్రంలోకి రష్యా నౌకలు రాకూడదన్న బ్రిటన్ పట్టుదల, పదవికి ప్రతిష్ఠ కావలసిన మూడవ నెపోలియన్ అవసరం తోడుకాకపోతే ఆ తాళంచెవి తగవు ఆ చర్చి వాకిట్లోనే చల్లారిపోయేది.

మరి ఆ యుద్ధం 1853లో మొదలైనట్టా, 1854లోనా?

రష్యా, తుర్కుల మధ్య 1853లో. బ్రిటన్, ఫ్రాన్స్‌లు చేరినది 1854 మార్చిలో. పరీక్షలో మొత్తం యుద్ధం కాలం అడిగితే 1853–56 అని రాయడం సరైనది. జూలై మొదట్లో రష్యా సేనలు ప్రూట్ నది దాటి నేటి రుమేనియా ప్రాంతాలైన మోల్దావియా, వలేకియాలను ఆక్రమించాయి. వాటిని ఖాళీ చేయమని అక్టోబరు తొలివారంలో తుర్కులు యుద్ధం ప్రకటించారు. క్రిమియా ద్వీపకల్పంలో పోరు 1854 సెప్టెంబరు దాకా మొదలే కాలేదు. ఆ పేరు మొత్తం యుద్ధానికి అంటుకోవడమే ఈ గందరగోళానికి మూలం.

సినోప్ యుద్ధానికి అంత ప్రాధాన్యం ఎందుకిస్తారు?

1853 నవంబరు 30న నల్లసముద్రం దక్షిణ తీరంలోని సినోప్ రేవులో ఆగి ఉన్న తుర్కు నౌకాదళాన్ని రష్యా అడ్మిరల్ నాఖిమోవ్ ఆరు పెద్ద యుద్ధనౌకలతో చుట్టుముట్టాడు. అంతకుముందు నౌకల మీద పడే ఇనుప గుండ్లు చెక్కకు బెజ్జాలు చేసేవి. నాఖిమోవ్ వాడిన పేలుడు గుండ్లు చెక్కలో దూరి లోపల పేలి నిప్పు పెట్టాయి. కొన్ని గంటల్లో తుర్కు నౌకలన్నీ తగలబడ్డాయి, తాయిఫ్ అనే ఒక్క ఆవిరి ఓడ తప్పించుకొని వార్త మోసుకెళ్ళింది. తుర్కుల పక్షాన సుమారు 3,000 మంది చనిపోగా రష్యన్లలో చనిపోయినవారు 40 మందికి లోపే. చెక్క యుద్ధనౌకలకు ఇక కాలం చెల్లిందని నౌకా నిపుణులకు అర్థమైంది. యుద్ధంలో ఉన్న రెండు దేశాల మధ్య జరిగిన పోరే అయినా లండన్ పత్రికలు దీనిని ఊచకోతగా రాశాయి, ఆ ఊపులోనే బ్రిటన్ యుద్ధంలోకి జారింది.

ఝాన్సీ, నాగపూర్ విలీనం 1853 అని రాయాలా, 1854 అని రాయాలా?

రాజుల మరణం 1853, విలీనం 1854. ఝాన్సీ రాజు గంగాధరరావు 1853 నవంబరు 21న చనిపోయాడు. ముందురోజే బంధువుల పిల్లవాణ్ణి ఇంగ్లీషు అధికారుల సమక్షంలో దత్తత తీసుకొని దామోదరరావు అని పేరు పెట్టాడు. నాగపూర్ రాజు మూడవ రఘూజీ భోంస్లే డిసెంబరు 11న దత్తత ఏదీ తీసుకోకుండానే మరణించాడు. హిందూ ధర్మం ప్రకారం దత్తుడికి కర్మ చేసే హక్కుతో పాటు ఆస్తి హక్కూ ఉంటుంది. డల్హౌసీ సొంత ఆస్తి వరకు ఒప్పుకొని, రాజ్యాన్ని మాత్రం కాదన్నాడు. ఝాన్సీ రాణి లక్ష్మీబాయికి ఏడాదికి 60,000 రూపాయల భరణం చూపించారు. నాగపూర్ రాజభవనంలోని నగలు, ఏనుగులు, గుర్రాలు వేలానికి వచ్చాయి. ప్రజల్లో రాజ్యం పోయిన బాధకంటే ఆ వేలం రగిల్చిన కోపం ఎక్కువని నాటివారే గమనించారు.

ఆలూ చిప్స్, జీన్స్ ప్యాంటు 1853లోనే పుట్టాయా?

రెండూ తప్పే, అయినా ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. న్యూయార్క్ రాష్ట్రంలోని సరటోగా స్ప్రింగ్స్‌లో, ముక్కలు మందంగా ఉన్నాయని సణిగిన అతిథి మీద కోపంతో వంటవాడు జార్జ్ క్రమ్ ఆలుగడ్డను పలచగా కోసి వేయించాడన్న కథకు ఆనాటి ఆధారం లేదు; అలాంటి వంటకం తయారీ 1817లోనే లండన్‌లో అచ్చయిన వంట పుస్తకంలో ఉంది. లీవై స్ట్రాస్ 1853లో శాన్ ఫ్రాన్సిస్కో చేరి బట్టల టోకు వ్యాపారం పెట్టిన మాట నిజం. రాగి రివెట్లు వేసిన ప్యాంటుకు పేటెంటు వచ్చింది 1873లో.

1853 చివరి రోజుల్లో అమెరికా కొత్త భూమి ఏదైనా సంపాదించిందా?

డిసెంబరు 30న మెక్సికోతో గాడ్స్‌డెన్ కొనుగోలు ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దక్షిణ దారిన పసిఫిక్ చేరే రైలుమార్గానికి చదునైన నేల కావాలన్నది కారణం. సెనేట్ మార్పుల తరువాత 1854లో ఒక కోటి డాలర్లకు బేరం ఖాయమైంది. నేటి అరిజోనా, న్యూ మెక్సికోల దక్షిణ అంచు అలా వచ్చినదే.

## ఆ తరువాత

1853లో పోయిన బేరార్ నిజాంకు ఎప్పుడైనా తిరిగి వచ్చిందా?

1857లో హైదరాబాద్ ఇంగ్లీషువారి పక్షాన నిలిచినందుకు 1860లో రాయచూర్ అంతర్వేది, ధారాశివ్ తిరిగి ఇచ్చి, 50 లక్షల అప్పు రద్దు చేశారు. బేరార్ మాత్రం వదల్లేదు. సాలార్‌జంగ్ దానికోసం 1876లో లండన్ దాకా వెళ్ళినా ఫలితం లేకపోయింది. 1902లో కర్జన్ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను ఒప్పించి ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు రాయించుకున్నాడు. ఏడవ నిజాం కూడా అడిగాడు. 1936లో దొరికినది పెద్ద కుమారుడికి ప్రిన్స్ ఆఫ్ బేరార్ అన్న బిరుదు. ఆ బిరుదు ధరించిన ఆజం జా బేరార్‌ను ఒక్కరోజూ పాలించలేదు. నేటి మహారాష్ట్రలోని అమరావతి, అకోలా, యవత్మాల్, బుల్ధానా, వాశీం జిల్లాలే ఆ బేరార్.